గోటంత బొమ్మ.. గంట ఆటకు గుమ్మం
వీడియో ఆటల పోటీలకు ముఖచిత్రం ఎలా ఉండాలి?

చక్రాయపేట: ఆట ఆడటం ఒక ఎత్తు. ఆడిన ఆటను నలుగురి చేత చూపించటం మరో ఎత్తు. సెల్‌ఫోనులో పోటీలు ఆడే మన పల్లె యువకులకు మొదటిది బాగానే పట్టుబడింది. చిక్కంతా రెండోదాని దగ్గరే వస్తోంది. కష్టపడి ఆడి, రికార్డు చేసి, యూట్యూబులో పెట్టిన వీడియోను పదిమంది కూడా తెరవకపోతే లోపం ఆటలోనే ఉందనుకోనక్కర్లేదు. చాలాసార్లు ఆ లోపం వీడియో ముందు తగిలించిన చిన్న బొమ్మలో ఉంటుంది.

ఆ బొమ్మనే థంబ్‌నెయిల్ అంటారు. మాటకు అర్థం బొటనవేలి గోరు. పేరుకు తగ్గట్టే ఫోను తెర మీద అది చిన్నగా కనిపిస్తుంది. సినిమాకు పోస్టరు ఎలాగో, పుస్తకానికి అట్ట ఎలాగో, వీడియోకు ఇది అలాగ. లోపల గంటసేపు ఆట ఉన్నా, చూసేవాడు గడప దాటేదీ లేనిదీ ఈ బొమ్మను బట్టే ఉంటుంది.

పోటీ అంటే ఏ పోటీ?

ఫోనులో ఆటలంటే పొద్దుపోని వ్యవహారమని పెద్దలు విసుక్కోవటం మామూలే. అయితే ఈ ఆటల్లో పోటీలు కొత్తవి కావు. 1972లోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ‘స్పేస్‌వార్’ అనే కంప్యూటర్ ఆటకు పోటీ పెట్టారు. నెగ్గినవారికి ఒక పత్రిక ఏడాది చందా బహుమతి. అక్కడి నుంచి ఈ పోటీలు 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల దాకా వచ్చాయి. ఆ క్రీడల్లో ఏడు వీడియో ఆటలకు పతకాలు ఇచ్చారు. వీటినే ఈ-స్పోర్ట్స్ అంటున్నారు. మన దేశంలో 2022 డిసెంబరులో వీటి బాధ్యతను కేంద్ర క్రీడల శాఖకు అప్పగించారు.

మన పల్లెల్లో అందరికీ తెలిసింది పబ్జీ. 2020 సెప్టెంబరులో కేంద్రం దాన్ని నిషేధించింది. 2021 జులైలో ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ అనే పేరుతో మన దేశానికి వేరుగా ఒక ఆట వచ్చింది. 2022 జులైలో అదీ ఆగింది. 2023 మేలో మళ్లీ మొదలైంది. ఈ చరిత్ర ఇక్కడ చెప్పటానికి కారణం ఉంది. ఒకే ఆట ఇన్నిసార్లు ఆగి, ఇన్నిసార్లు మొదలైనప్పుడు ఏ వీడియో ఏ సంవత్సరానిదో తెలియక చూసేవారు తికమక పడతారు. అందువల్ల బొమ్మ మీద సంవత్సరం వేయటం మొదటి నియమం. వీడియో ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఈ ఏడాది ఫైనలూ కిందటేడాది ఫైనలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

చూపు నిలిచేది క్షణమే

బస్సులో పోతున్నవాడు గోడ మీద రాతను చదివినట్టే ఫోను చూసేవాడు ఈ బొమ్మను చదువుతాడు. వేలితో పైకి తోస్తూ పోతుంటాడు. బొమ్మలో కనీసం సగభాగం ఒక సెకను కంటే ఎక్కువసేపు తెర మీద ఉంటేనే అది కనిపించినట్టు యూట్యూబు లెక్క కడుతుంది. అలా నూరుసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు తెరిచారన్నది చూస్తారు. ఆ సంస్థ చెప్పే లెక్క ప్రకారం సగం చానళ్లకు ఇది రెండు నుంచి పది మధ్యన ఉంటుంది. అంటే నూటికి అయిదారుసార్లు తెరిచినా అది అందరితో సమానమే. నూటికి నూరు రాలేదని దిగులు పడనక్కర్లేదు.

బొమ్మ మనం పెట్టకపోతే యూట్యూబే వీడియోలోంచి మూడు దృశ్యాలు తీసి, వాటిలో ఒకటి ఎంచుకోమంటుంది. మిగతా వీడియోల సంగతి ఏమో గానీ ఆటల పోటీలకు ఇది బొత్తిగా పనికిరాదు. పబ్జీ వంటి ఆటల్లో మనకు ఎక్కువసేపు కనిపించేది ఆటగాడి వీపు, చుట్టూ పచ్చిక, మూలన చిన్న పటం, అంచుల్లో మీటలు. ఏ నిమిషంలో ఆపి చూసినా ఒకేలా ఉంటుంది. పది వీడియోలు పెడితే పదీ కవల పిల్లల్లా కనిపిస్తాయి. సొంత బొమ్మ పెట్టాలంటే ఫోను నంబరుతో ఖాతాను ధ్రువీకరించుకుంటే చాలు. రుసుము ఏమీ లేదు.

కొలతలు తప్పితే కోతలే

బొమ్మ వెడల్పు 1280, ఎత్తు 720 చుక్కలు ఉండాలి. అంటే పదహారు వంతుల వెడల్పుకు తొమ్మిది వంతుల ఎత్తు. ఫోనును నిలువుగా పట్టి తీసిన ఫోటోను యథాతథంగా పెడితే పక్కల ఖాళీ మిగులుతుంది, లేదా తల తెగుతుంది.

కుడివైపు కింది మూలన వీడియో ఎంతసేపో తెలిపే అంకెలు యూట్యూబు తనంతట తానే వేస్తుంది. ఆ మూలన జట్టు పేరో, బహుమతి మొత్తమో రాస్తే అంకెల కింద పడి పోతుంది. ఇదివరకే కొంత చూసిన వీడియో అయితే కింది అంచున ఎర్రగీత కూడా వస్తుంది. కాబట్టి ముఖ్యమైనదేదీ అడుగున పెట్టరాదు.

ఇక దృశ్యం మాట. ఇద్దరు లేక రెండు జట్లు తలపడే ఆటయితే పని తేలిక. ఎడమ పక్కన ఒకరు, కుడి పక్కన ఒకరు, మధ్యన పోటీ పేరు. పదహారు జట్లు ఒకేసారి దిగే ఆటలో పదహారు గుర్తులూ కుక్కితే సంతలో గుంపులా ఉంటుంది తప్ప ఒక్కటీ కనిపించదు. అలాంటప్పుడు ఏ పటం మీద ఆట, ఎన్నో మ్యాచ్, ఏ రెండు జట్ల మధ్య పట్టు బిగిసింది అన్న మూడు సంగతులు చాలు. మీటలూ అంకెలూ చెరిపి ఒక్క మనిషిని పెద్దది చేసి నిలబెడితే కంటికి ఆనుతుంది. వెనుక చీకటి రంగయితే ముందు మనిషి లేత రంగులో ఉండాలి. పచ్చిక మీద పచ్చ చొక్కా ఎవరికీ కనిపించదు.

ఈ విద్యకు మన దగ్గర పెద్దలు లేకపోలేదు. 1967 నాటి ‘సాక్షి’ మొదలుకొని వందల సినిమాలకు పోస్టర్లు రూపొందించిన పాలకొల్లు వాసి ఈశ్వర్ ‘సినిమా పోస్టర్’ అని ఏకంగా పుస్తకమే రాశారు. ఆయన 2021లో కన్నుమూశారు. పాత పోస్టర్లను ఎదురుగా పెట్టుకుని చూస్తే ఎవరిని పెద్దగా వేయాలి, ఎవరిని వెనక్కి తోయాలి, ఖాళీ ఎక్కడ వదలాలి అన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అక్షరాలే ఆయువుపట్టు

తెలుగులో రాసేవారికి ఒక ఇబ్బంది ఉంది. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషు అక్షరం పట్టే ఎత్తులో మన అక్షరం రాయాలంటే సన్నబడుతుంది. చిన్న తెర మీద వత్తులు అలుక్కుపోతాయి. రెండు వరసలు దగ్గరగా రాస్తే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి.

దీనికి మందు తక్కువ మాటలు, తేలిక మాటలు. ‘ఉత్కంఠభరిత అంతిమ పోరు’ అనే చోట ‘చివరి పోరు’ అంటే సగం చోటు మిగులుతుంది. మూడు నాలుగు మాటలకు మించితే ఎవరూ చదవరు. మిగతా వివరాలు బొమ్మ కింద వచ్చే శీర్షికలో రాసుకోవచ్చు. శీర్షికలో ఉన్నదే బొమ్మ మీదా రాస్తే ఉన్న చోటు వృథా.

అక్షరాల రూపాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. అమెరికాలోని తెలుగువారు నెలకొల్పిన సిలికానాంధ్ర సంస్థ కొన్నింటిని అందరికీ అందుబాటులో ఉంచింది. వాటికి పెద్దన, ధూర్జటి, రామభద్ర వంటి కవుల పేర్లు పెట్టారు. వీటిలో అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టిన అక్షరం మందంగా ఉండి శీర్షికలకు బాగా నప్పుతుంది. ఫోనులో బొమ్మలు తయారు చేసే యాప్‌లు కొన్ని తెలుగు వత్తులను విడగొట్టేస్తాయి. పెట్టే ముందు ఒక్కసారి చదివి చూసుకోవాలి. తప్పు తెలుగు బొమ్మ మీద పడితే ఆట ఎంత బాగున్నా నవ్వులపాలే.

గెలుపు ముందే చెప్పొద్దు

మామూలు వీడియోలకూ పోటీ వీడియోలకూ పెద్ద తేడా ఇక్కడే ఉంది. పోటీని రికార్డులో చూసేవాడు ఫలితం తెలియకుండా చూడాలనుకుంటాడు. బొమ్మ మీదే కప్పు పట్టుకున్న జట్టును వేసి, ‘వీరిదే గెలుపు’ అని రాస్తే గంటసేపు చూడవలసిన అవసరం ఏముంది?

కొందరు ఈ జాగ్రత్త తీసుకుంటూనే మరో విధంగా గుట్టు బయటపెడతారు. మూడు ఆటల్లో రెండు గెలిచినవారిదే పోటీ అనుకుందాం. మూడు ఆటలకూ విడివిడిగా వీడియోలు పెడితే, మూడో వీడియో బొమ్మ కనపడగానే మొదటి రెండూ చెరొకటి గెలిచారని తెలిసిపోతుంది. అలాంటి పోటీని మొత్తం ఒకే వీడియోగా పెట్టటం మేలు.

ఫలితం తెలిసినవారి కోసం చేసే అయిదు నిమిషాల ముఖ్యాంశాల వీడియో సంగతి వేరు. దాని మీద స్కోరు వేసినా తప్పు లేదు. ఏది పూర్తి ఆట, ఏది ముఖ్యాంశాలు అన్నది మాత్రం బొమ్మ మీద స్పష్టంగా ఉండాలి. ఒక పోటీలోని వీడియోలన్నింటికీ ఒకే అచ్చు వాడి, మ్యాచ్ సంఖ్య ఒక్కటే మారుస్తూ పోతే చూసేవారికి వరస తప్పదు.

మన ప్రాంతంలో ఆసక్తిగా చూసే బండలాగుడు పోటీల వీడియోలకు కూడా ఇదే సూత్రం. రెండు పళ్ల విభాగమా, సీనియర్ విభాగమా, ఏ ఊరి జత, ఏ ఏడాది అన్నది ముందు చెప్పాలి. ఎన్ని అడుగులు లాగాయన్నది లోపల చూడనివ్వాలి.

పైన కాయలు, అడుగున పిందెలు

చీనీ కాయల గంపలో పై వరసన మేలు కాయలు పేర్చి అడుగున పిందెలు పెడితే బేరం ఒక్కసారే. రెండోసారి ఆ రైతు దగ్గరకు ఎవరూ రారు. బొమ్మలోనూ అంతే. ఆటలో లేని తుపాకీ, పోటీలో లేని ఆటగాడు, జరగని తగాదా, రాని లక్షలు బొమ్మ మీద వేసి పిలిచేవారున్నారు. తెరిచినవాడు అర నిమిషంలో సంగతి గ్రహించి మూసేస్తాడు. రోజుకింత అని కొలిచి ఇచ్చే ఇంటర్నెట్‌లో కొంత పోయిందన్న కోపం కూడా తోడవుతుంది. జనం ఎంతసేపు చూశారన్నది యూట్యూబు గమనిస్తూనే ఉంటుంది.

చూసేవారిని తప్పుదారి పట్టించే బొమ్మలను తొలగిస్తామని ఆ సంస్థ నియమాల్లో ఉంది. వార్తలు, తాజా సంఘటనల పేరుతో బొమ్మలో ఒకటి, వీడియోలో మరొకటి పెట్టేవారిపై చర్యలు మన దేశం నుంచే మొదలుపెడతామని 2024 డిసెంబరులో ప్రకటించింది. సినిమా హీరోల ఫోటోలు, పేరున్న ఆటగాళ్ల ఫోటోలు, ఇతరులు గీసిన బొమ్మలు అడగకుండా వాడుకోవటం కూడా చిక్కు తెచ్చేదే.

పందెం యాప్‌లతో పదిలం

కాస్త పేరు రాగానే పందెం యాప్‌లవారు వచ్చి తమ గుర్తు బొమ్మ మూలన వేస్తే డబ్బిస్తామని ఆశ పెట్టే ప్రమాదం ఉంది. ఇది కోరి తెచ్చుకునే కష్టం. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదంపై 2020లోనే నిషేధం విధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఆ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించి ప్రోత్సహించాలంటుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మాత్రం నిషేధించింది. వాటికి ప్రకటనలు చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. వందల రూపాయలకు ఆశపడి గోటంత చోటు అమ్ముకుంటే ఇంటిల్లిపాదీ కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. పిల్లల వీడియోలు చూడకపోయినా, బొమ్మ మూలన ఏ గుర్తు ఉందో తల్లిదండ్రులు ఒకసారి చూడటం మంచిది.

ఎండలో పరీక్ష

బొమ్మ బాగుందా లేదా తేల్చుకోవటానికి ఖర్చు లేని మార్గం ఒకటుంది. తయారైన బొమ్మను ఫోనులో చిన్నది చేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకోవాలి. ఆట తెలియని మనిషికి రెండు లెక్కపెట్టేంత సేపు చూపి తీసేయాలి. ఏం కనిపించిందని అడగాలి. ‘ఎవరో ఇద్దరు పోటీ పడుతున్నారు, ఫైనల్ అంట’ అంటే గెలిచినట్టే. ‘ఏమో నాయనా, రంగులు రంగులుగా ఉంది’ అంటే మళ్లీ చేయాలి.

కంప్యూటరు అందుబాటులో ఉన్నవారికి యూట్యూబే పరీక్ష పెడుతుంది. అదనపు సౌకర్యాలు పొందిన ఖాతాలకు 2024 నుంచి ఈ వీలుంది. ఒక వీడియోకు మూడు బొమ్మల వరకు ఇస్తే వేర్వేరు జనానికి వేర్వేరు బొమ్మ చూపించి, దేని ద్వారా వచ్చినవారు ఎక్కువసేపు చూశారో చెబుతుంది. ఎంతమంది తెరిచారన్నది కాక ఎంతసేపు చూశారన్నది లెక్క కాబట్టి, మోసపు బొమ్మకు ఈ పరీక్షలో మార్కులు పడటం కష్టం.

బాగా ఆడేవాడికే బొమ్మ వేయటమూ రావాలని లేదు. ఊళ్లో ఒకడికి ఆట వస్తుంది. మరొకడికి చేతిరాత బాగుంటుంది, ఫ్లెక్సీలు తయారు చేసే చోట నాలుగు రోజులు పనిచేసి ఉంటాడు. ఇంకొకరికి తప్పుల్లేకుండా తెలుగు రాయటం వస్తుంది. ముగ్గురూ కలిస్తే పట్నం వారికి తీసిపోని బొమ్మ తయారవుతుంది. ఆట మోజు కొన్నాళ్లకు తగ్గవచ్చు. చిన్న చోటులో నాలుగు మాటల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పే నేర్పు మాత్రం రేపు చీనీ తోట వీడియోకైనా, కిరాణా కొట్టు బోర్డుకైనా పనికొస్తుంది.