కూలి దొరికే చోటు

హెర్న్‌డన్ అనగానే మన తెలుగువాళ్ళకు డల్లస్ విమానాశ్రయం, కంప్యూటర్ కంపెనీలు, ఇండియన్ స్టోర్లు గుర్తుకొస్తాయి. ఊరికి ఆ పేరెలా వచ్చిందో తెలిసినవాళ్ళు తక్కువ. విలియం లూయిస్ హెర్న్‌డన్ నౌకాదళ అధికారి. 1857 సెప్టెంబరులో ఆయన కెప్టెన్‌గా ఉన్న 'సెంట్రల్ అమెరికా' ఓడ కరోలినా తీరానికి దూరంగా తుఫానులో చిక్కుకుంది. ఆడవాళ్ళనూ పిల్లలనూ ముందుగా పడవలెక్కించి పంపించి, ఆయన ఓడతోపాటే మునిగిపోయాడు. నాలుగు వందల మందికి పైగా ఆ రోజున పోయారు. అటువంటి మనిషి పేరు పెట్టుకున్న ఊళ్ళో 2005లో ఒక గొడవ జరిగింది. మా వీధిలో తెలుగు ఇళ్ళలోనూ ఆ మాటే కొన్నాళ్ళు మోగింది.

ఎల్డెన్ స్ట్రీట్, అలబామా డ్రైవ్ కలిసేచోట సెవెన్ ఎలెవెన్ దుకాణం. తెల్లవారకముందే దాని ముందు కూలీలు గుమిగూడేవారు. ఎల్ సాల్వడార్, హోండూరస్, గ్వాటెమాలా దేశాలవాళ్ళు. ట్రక్కు ఆగగానే పదిమంది ఎగబడేవారు. మేస్త్రీ ఇద్దర్ని ఎక్కించుకుపోతే మిగతావాళ్ళు మళ్ళీ గోడకు చేరబడేవారు. మన హైదరాబాదులోనో గుంటూరులోనో అడ్డా మీద కూలీలను చూసినవాళ్ళకు ఇది కొత్త దృశ్యమేమీ కాదు. పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. ఎవరికి ఫిర్యాదు చేస్తారు పాపం, చేతిలో కాగితాలు లేనివాళ్ళు?

ఆ సమయంలో స్థానిక చర్చిలవాళ్ళు, మరికొన్ని ప్రార్థనా మందిరాలవాళ్ళు కలిసి 'ప్రాజెక్ట్ హోప్ అండ్ హార్మనీ' అని ఒక కూటమి కట్టారు. వెనుక ఉన్న సంస్థ రెస్టన్ ఇంటర్‌ఫెయిత్. 1970 నుంచి ఈ ప్రాంతంలో ఇల్లు లేనివాళ్ళకూ తిండికి ఇబ్బందిపడేవాళ్ళకూ సాయం చేస్తున్న సంస్థ. 2013 నుంచి దాని పేరు కార్నర్‌స్టోన్స్. వీళ్ళు అడిగింది అన్నదానానికి అనుమతి కాదు. కూలీలు వరుసలో కూర్చుని పని కోసం ఎదురుచూడటానికి ఒక నీడ, ఒక మరుగుదొడ్డి, ఎవరు ఎవరిని తీసుకెళ్ళారో రాసిపెట్టుకునే ఒక బల్ల. 2005 ఆగస్టులో టౌన్ కౌన్సిల్ 5-2 ఓట్లతో ఒప్పుకుంది. డిసెంబరులో పాత పోలీస్ స్టేషన్ స్థలంలో కేంద్రం తెరిచారు.

ఇక చూడండి గొడవ! టీవీ కెమెరాలు దిగాయి, కోర్టులో దావా పడింది. సరిహద్దు కాపలా కాస్తామని చెప్పుకునే మినిట్‌మెన్ వాళ్ళు వచ్చి, కూలీలను ఎక్కించుకునే వాహనాలను ఫోటోలు తీశారు. 2006 మే ఎన్నికల్లో కేంద్రాన్ని సమర్థించిన మేయరూ ఇద్దరు కౌన్సిల్ సభ్యులూ ఓడిపోయారు.

మనవాళ్ళ ఇళ్ళలో వినిపించిన మాట ఒకటే: "మేము ఏళ్ళ తరబడి లైన్లో నిలబడి, గ్రీన్ కార్డు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాం. వీళ్ళు దొడ్డిదారిన వస్తే ఊరు నీడ కట్టించాలా?" ఈ మాటలో న్యాయం లేదని నేననను. నేనూ ఆ లైన్లో నిలబడ్డవాణ్ణే. అయితే ఆ చర్చిలవాళ్ళు ఎవరినీ దేశంలోకి పిలవలేదు. అప్పటికే ఎదురుగా చలిలో నిలబడి ఉన్న మనిషిని ఏం చేయాలన్నదే వాళ్ళ ప్రశ్న. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆకలిగొన్నవాడితో పాటు పరదేశి కూడా ఉన్నాడు. ఆ పరదేశి దగ్గర వీసా ఉందో లేదో అక్కడ రాయలేదు!

మా నాయనమ్మది ఒంగోలు పక్క పల్లె. ఆవిడ నోట ధాత కరువు మాట తరచుగా వినేవాణ్ణి. ఆవిడ పుట్టకముందు సంగతే అయినా, చూసినట్టే చెప్పేది. 1876లో మొదలైన ఆ కరువు 1878 దాకా దక్షిణ దేశాన్ని తినేసింది. చచ్చినవాళ్ళు యాభై లక్షలకు పైనే అని లెక్కలు కట్టారు. కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించాడు. ఆ పాటి కూలి కూడా మాదిగల చేతికి సరిగా అందేది కాదు. పైవాళ్ళ తిట్లూ దెబ్బలూ అదనం.

అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నాడు. క్లౌ దొర అంటే అక్కడ ఈనాటికీ తెలుసు, ఆస్పత్రికీ ఆయన పేరే. చిన్నతనంలో ఆయన సర్వే పని నేర్చుకున్నవాడు. ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకాన్ని స్వయంగా కాంట్రాక్టు తీసుకున్నాడు. తన దగ్గరున్న బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్ళలో చాలామంది మాదిగలే. అన్ని కులాలవాళ్ళూ వచ్చి పలుగూ పారా పట్టారు. చేసిన పనికి సరైన కూలి, సాయంత్రం తలదాచుకోను పాక. మాదిగవాడు మేస్త్రీగా నిలబడి ఇతర కులాలవాళ్ళకు పని చెప్పడమంటే ఆ రోజుల్లో ఎంత మాటో మీరే ఊహించుకోండి.

ఇక్కడే అసలు చిక్కు. తిండిపెట్టి మతంలో కలుపుకుంటున్నారన్న విమర్శ మిషనరీల మీద అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. క్లౌ ఆ సంగతి బాగా ఎరుగును. అందుకని కరువు సాయం నడిచినన్నాళ్ళూ, పదిహేను నెలల పాటు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నా ఆపి ఉంచాడు. సాయం ఆగిపోయాక, ఇక తన చేతిలో పెట్టేందుకు ఏమీ లేదని అందరికీ తెలిశాకే సరేనన్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా, ఇద్దరేసి చొప్పున ఇచ్చారు. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. అంతమందీ మనసు మారే వచ్చారా, అన్నం పెట్టిన చేతిని మరవలేక వచ్చారా అంటే ఎవరు చెప్పగలరు? రెండూ కలిసే ఉంటాయని నా ఉద్దేశం. నిన్నటిదాకా వాడలోకి రానివ్వని మనుషుల మధ్య, తనను మనిషిగా చూసినవాడి దేవుడి మీద నమ్మకం కలగడం వింతేమీ కాదు. అయినా ఆ పదిహేను నెలల ఆపుదల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం 2,222 కన్నా ఆ పదిహేనే పెద్ద అంకెగా కనిపిస్తుంది.

హెర్న్‌డన్ కేంద్రానికి ఏళ్ళు నిండలేదు. కూలీలు వీధిలో పని అడగకూడదన్న టౌన్ చట్టాన్ని 2007 ఆగస్టులో కోర్టు కొట్టేసింది. కేంద్రం నడపాలంటే కాగితాలు అడగకుండా అందరినీ రానివ్వక తప్పని పరిస్థితి వచ్చింది. కొత్త కౌన్సిల్‌కు అది ఇష్టం లేదు. సెప్టెంబరులో తలుపులు మూసేశారు. ఇరవై ఒక్క నెలలు నడిచిందన్నమాట. కూలీలు ఊరొదిలి పోతారనుకున్నవాళ్ళు ఉన్నారు. నేను ఆ నెలలోనే ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకు పోతూ ఎల్డెన్ స్ట్రీట్ మీదుగా వెళ్ళాను. వాళ్ళు రోడ్డు పక్కనే ఉన్నారు. ఒక పెద్దావిడ కారు డిక్కీలోంచి కాఫీ ఫ్లాస్కూ కాగితపు గ్లాసులూ దించుకుంటోంది.