కోటప్పకొండ మెట్లు వేరు... పరాయి దేశపు కొండదారి వేరు!

నరసరావుపేట: కొండ ఎక్కటం పల్నాటి వారికి కొత్త కాదు. మహాశివరాత్రికి ప్రభలతో కదిలే జనం సంగతి అలా ఉంచితే, తెల్లవారుజామున ఒక్కరే కోటప్పకొండ మెట్లెక్కి, త్రికూటేశ్వరుని దర్శించుకుని, ఎండ ముదరకముందే దిగివచ్చేవారు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. ఘాట్ రోడ్డు పడి బస్సు పైదాకా పోతున్నా వారు మెట్లదారి వదలలేదు.

ఆ అలవాటే కాబోలు, చదువుకో ఉద్యోగానికో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లిన మన కుర్రవాళ్లు సెలవు దొరికితే అక్కడి కొండలు పట్టుకుంటున్నారు. శిఖరం మీద నిలబడిన ఫొటో ఇంటికి వస్తుంది. "పక్కన ఎవరున్నార్రా?" అని తల్లి అడిగితే, "ఎవరూ లేరమ్మా, ఒక్కడినే వెళ్లా" అని జవాబు. ఆ తల్లికి ఆ రాత్రి నిద్ర ఉంటుందా?

ఒంటరిగా వెళ్లటమే తప్పనటానికి లేదు. మన కొండ కథలో ఉన్నదీ ఒంటరి మనిషే. గొల్లభామ ఆనందవల్లి రోజూ రుద్రశిఖరమెక్కి స్వామిని సేవించేదట. గర్భవతి అయ్యాక ఎక్కలేక, తమరే దిగిరావాలని వేడుకుంది. వస్తాను, వెనుదిరిగి చూడవద్దన్నాడు స్వామి. దిగుతుంటే వెనుక పెద్ద ధ్వని. ఆమె తిరిగి చూసింది. స్వామి బ్రహ్మశిఖరం దగ్గరే గుహలో నిలిచిపోయాడు. ఇప్పటి గుడి అదే. భక్తుల నమ్మకం మాట అటుంచి, కొండదారి తెలిసినవాడెవడో అల్లిన కథలా ఉంటుంది ఇది. నిటారు దారిలో కాలు తప్పేది ఎక్కువగా దిగేటప్పుడే. మోకాళ్లు అలసి ఉంటాయి, పని అయిపోయిందన్న ధీమా ఉంటుంది, చూపు పక్కకు పోతుంది.

అయితే కోటప్పకొండ గుడి ఉన్నది సుమారు 600 అడుగుల ఎత్తున. కింద కొబ్బరికాయల కొట్లు, పైన పూజారి, మధ్యలో ఎవరో ఒక భక్తుడు. పడితే లేవదీసే చెయ్యి ఉంది. పరాయి దేశపు కాలిబాటలో గంటల తరబడి నడిచినా మనిషి ఎదురుకాడు. అమెరికాలోని రాకీ పర్వతాలపై వేసవిలో ఉదయం ఆకాశం నిర్మలంగా ఉండి, మధ్యాహ్నానికి పిడుగులు పడతాయి. అందుకే అక్కడివారు మధ్యాహ్నం లోపే శిఖరం దిగిపోతారు. ఇంకా పైకి, 5,500 మీటర్లకు పోతే పీల్చే గాలిలో ప్రాణవాయువు ఇక్కడి దానిలో సగమే.

నెల్లూరు బిడ్డ గాథ

ఇవన్నీ ఎరిగినవాడు మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీ జనసంఘంలో 1974లో పేద ఇంట పుట్టాడు. కోరుకొండ సైనిక స్కూల్లో చదివాడు. ఆ స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో సైనిక బృందంతో ఎవరెస్టుకు వెళ్లి అక్కడే మరణించారు. ఆయన స్ఫూర్తే మస్తాన్ బాబును కొండల వైపు నడిపింది. (బృందంతో వెళ్లినంత మాత్రాన కొండ కనికరించదని కూడా ఆ మరణం చెబుతోంది.) ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివిన మనిషి ఉద్యోగం వదులుకుని, 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. ఆనాటికి అది రికార్డు.

అంతటివాడు 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఆండీస్ పర్వతాల్లోని 6,748 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒంటరిగా బయలుదేరి తిరిగి రాలేదు. ఆ రోజుల్లోనే ఉత్తర చిలీని తుపాను వరదలు ముంచెత్తాయి. వాతావరణం గాలింపుకు అడ్డుపడింది. రెండు దేశాల వైపు నుంచీ వెతకగా ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం కనిపించింది. ఏ శిఖరానికి, ఏ రోజు బయలుదేరిందీ కింద ఉన్నవారికి తెలుసు కనుకనే అంత మంచులో ఆ మాత్రమైనా దొరికాడు. నెలాఖరుకు సొంత ఊరు చేర్చి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు.

ఇక్కడ ఉన్నవారు చేయగలిగేది

కొడుకునో కూతురినో వెళ్లవద్దంటే వింటారా? చెప్పకుండా వెళ్తారు, అది ఇంకా ప్రమాదం. అడగవలసింది వేరు. ఏ కొండ, ఏ దారి, కారు ఎక్కడ ఆపుతావు, ఎన్నింటికి దిగుతావు? కొండల్లో ఫోన్‌కు సిగ్నల్ అందని చోట్లు చాలా ఉంటాయి కాబట్టి ఈ నాలుగూ బయలుదేరకముందే ఇంటికి చేరాలి. దారి మార్చుకుంటే ఆ మాటా చెప్పాలి.

జేబులో ఒక ఈల, ఒక టార్చి ఉండాలి. నిమిషానికి ఆరుసార్లు ఈల వేసి, లేదా దీపం చూపి, ఒక నిమిషం ఆగి మళ్లీ అలాగే చేస్తే ఆపదలో ఉన్నట్టు లెక్క. మూడుసార్లు బదులు వస్తే విన్నారని అర్థం. ఆల్ప్స్ పర్వతాల్లోనూ, బ్రిటన్‌లోనూ ఇదే పద్ధతి.

ఆపదలో అమెరికాలో 911, ఐరోపా దేశాల్లో 112, బ్రిటన్‌లో 999 కొట్టాలని చాలామందికి తెలుసు. కానీ నరసరావుపేట నుంచి 911 కొడితే అమెరికా పోలీసు పలకడు. అక్కడ తప్పిపోయినవారిని వెతికే బాధ్యత చాలాచోట్ల ఆ కౌంటీ షెరీఫ్‌ది. ఆ కార్యాలయం మామూలు ఫోన్ నంబరు, దేశం కోడ్‌తో సహా, ఇంట్లో రాసి ఉంచుకోవాలి. అక్కడ ఉన్న స్నేహితుడి నంబరు కూడా.

వేళల తేడా మరో చిక్కు. వేసవిలో కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరు గంటలంటే ఇక్కడ మర్నాడు ఉదయం ఆరున్నర. ఆరింటికల్లా దిగుతానని అబ్బాయి చెబితే, ఇక్కడ పొద్దున పాలు కాచే వేళకు ఫోన్ మోగాలన్నమాట. మోగకపోతే ముందు స్నేహితుడికి, ఆ తరువాత షెరీఫ్ కార్యాలయానికి ఫోన్ చేయాలి. అక్కడ చీకటి పడటానికి ఇంకా గంటో రెండు గంటలో ఉంటుంది.