మలేషియా తోటల్లో గుళ్ళు

భైరవకోన చూసినవాళ్ళకు గుహలో గుడి కొత్త కాదు. అక్కడ కొండరాతిని తొలిచి శివుడికి గుళ్ళు చేశారు. పక్కనే పైనుంచి నీళ్ళు దూకుతుంటాయి. గుహలో ఉన్న గుడి ఇంకొకటి ఉంది. అది మన దేశంలో లేదు. బంగాళాఖాతానికి అవతల, మలేషియా దేశంలో ఉంది. దాన్ని బతు గుహలు అంటారు. ఆ దేశపు భాషలో 'బతు' అంటే రాయి.

మలేషియాలో ఎక్కువమంది ముస్లిములు. 2020 జనాభా లెక్కల ప్రకారం నూటికి 63 మందికి పైగా ముస్లిములే. హిందువులు నూటికి ఆరుగురు. ఇస్లాం తమ దేశ మతమని ఆ దేశ రాజ్యాంగంలో రాసుకున్నారు. మిగతా మతాలవాళ్ళు తమ మతాన్ని శాంతిగా పాటించుకోవచ్చని కూడా అక్కడే రాశారు. ఆ దేశంలో చిన్నా పెద్దా కలిపి హిందువుల గుళ్ళు వేలల్లో ఉన్నాయి.

అన్ని గుళ్ళు ఎవరు కట్టారు? రాజులు కాదు. జమీందార్లు కాదు. చాలావాటిని కట్టింది కూలివాళ్ళు.

అప్పట్లో మలేషియాను మలయా అనేవాళ్ళు. అదీ తెల్లదొరల పాలనలోనే ఉండేది. దొరలు అక్కడ అడవులు కొట్టి రబ్బరు తోటలు, కొబ్బరి తోటలు వేశారు. తోటలకు కూలీలు కావాలి. మేస్త్రీలు మన దేశం వచ్చి ఊరూరా తిరిగారు. తమిళనాడు నుంచి ఎక్కువమంది పోయారు. తెలుగువాళ్ళూ పోయారు. వాళ్ళలో విశాఖపట్నం, శ్రీకాకుళం వైపువాళ్ళు ఎక్కువ. కరువు, అప్పు వాళ్ళను ఓడ ఎక్కించాయి. నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగి వద్దామనుకున్నారు. చాలామంది తిరిగి రాలేదు. 1938లో మన ప్రభుత్వం అట్లా కూలీలను పంపడం ఆపేసింది.

రబ్బరు తోటలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. చెట్టు బెరడును కత్తితో వాలుగా గీస్తారు. గీత వెంట తెల్లటి పాలు కారి చిప్పలో పడతాయి. ఎండ ఎక్కితే పాలు సరిగా కారవు. అందుకే చీకట్లోనే దీపం పట్టుకుని పోవాలి. ఆడవాళ్ళు కూడా చెట్లు గీశారు. చంటిపిల్లలను ఇంటి దగ్గర వదిలి పోయారు. కూలి మాత్రం సమానం కాదు. 1920ల చివర చాలా తోటల్లో మగమనిషికి రోజుకు 50 సెంట్లు, ఆడమనిషికి 40 సెంట్లు. సెంటు అంటే మన పైసా లాంటిది. మార్కాపురం పలకల గనుల్లో పనిచేసిన ఆడవాళ్ళకు ఈ లెక్క వింతగా ఉండదు.

కూలీలు ఉండే ఇళ్ళు వరసగా ఉండేవి. వాటిని లైన్లు అనేవాళ్ళు. ఒక్కో ఇంటికి ఒకటే గది. లైన్ల చివర ఏదో ఒక చెట్టు ఉండేది. ఆ చెట్టు కింద ఒక రాయి నిలబెట్టి పసుపు పూసేవాళ్ళు. కొన్నాళ్ళకు దానిపైన రేకుల కప్పు వేసేవాళ్ళు. ఇంకొన్నాళ్ళకు గోడలు లేచేవి. గుడి అట్లా తయారయ్యేది.

తమిళులున్న తోటల్లో మారియమ్మ గుళ్ళు ఎక్కువ. మారియమ్మ అంటే మనకు పోలేరమ్మ లాంటిది. అమ్మవారు పోసినా, వాన రాకపోయినా ఆమెకే మొక్కుకుంటారు. తెలుగువాళ్ళున్న తోటల్లో రామాలయాలు, భజన మందిరాలు వెలిశాయి. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దతు అనే చోట కొబ్బరి తోటలున్నాయి. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఉగాదికీ, శ్రీరామనవమికీ వాళ్ళు కలుసుకునేది గుడి దగ్గరే. పెళ్ళి మాటలు కూడా అక్కడే నడిచేవి. 1955లో అక్కడి తెలుగువాళ్ళు మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే తరువాత మలేషియా తెలుగు సంఘం అయింది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశ రాజధాని కౌలాలంపూర్‌లో జరిగాయి.

గుడి కట్టుకుంటామంటే దొర సరే అనేవాడు. కొన్నిసార్లు చందా కూడా ఇచ్చేవాడు. అది ఆయన మంచితనమే అనుకోనక్కర్లేదు. గుడి ఉన్న చోట కూలివాళ్ళు కుదురుగా ఉంటారు, తోట వదిలి పోరు. ఆ సంగతి దొరకు తెలుసు. స్థలం మాత్రం గుడి పేరున రాసి ఇచ్చింది తక్కువ. మనవాళ్ళూ అడగలేదు. చదువు లేదు. దొర నోటిమాట చాలనుకున్నారు.

పట్నంలో సంగతి వేరు. కౌలాలంపూర్‌లో 1873లో ఒక మారియమ్మ గుడి కట్టారు. కట్టించినవాడు తంబుసామి పిళ్ళై. ఆయన తమిళుడు, డబ్బున్నవాడు, నలుగురిలో పలుకుబడి ఉన్నవాడు. బతు గుహల్లో సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి పెట్టించింది కూడా ఆయనే. అక్కడ 1892 నుంచి తైపూసం పండుగ చేస్తున్నారు. పుష్య మాసంలో వచ్చే పండుగ ఇది. ఈ రెండు గుళ్ళనూ ఇప్పటికీ ఒకే దేవస్థానం చూసుకుంటుంది. ధర్మకర్తలున్నారు. లెక్కలున్నాయి.

బతు గుహల గుడికి పోవాలంటే 272 మెట్లు ఎక్కాలి. మెట్ల మొదట్లో స్వామి విగ్రహం నిలబడి ఉంటుంది. దాని ఎత్తు 140 అడుగులు. రెండు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. దాన్ని 2006లో నిలబెట్టారు. 2018లో మెట్లన్నిటికీ రంగులు వేశారు. తైపూసానికి కౌలాలంపూర్ మారియమ్మ గుడి నుంచి వెండి రథం బయలుదేరుతుంది. జనం దాని వెంట రాత్రంతా నడుస్తారు. ఆడవాళ్ళు పాలబిందెలు తలమీద పెట్టుకుని మెట్లెక్కుతారు. మగవాళ్ళు కావళ్ళు మోస్తారు. లక్షలమంది వస్తారు. చైనావాళ్ళు కూడా వచ్చి మొక్కు తీర్చుకుంటారు. చాలా రాష్ట్రాల్లో ఆ రోజు సెలవు. ముస్లిములు ఎక్కువగా ఉన్న దేశంలో ఇంత పెద్ద తిరునాళ్ళ జరుగుతుందంటే కొందరు నమ్మరు. మన పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు పోయి మొక్కుకోవడం లేదా? అదీ ఇట్లాంటిదే.

తోటల్లో గుళ్ళకు మాత్రం చిక్కు వచ్చింది.

మలయాకు 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజుల్లో చాలామంది దొరలు తోటలను ముక్కలు చేసి అమ్ముకుని పోయారు. కొన్నవాడికి భూమి కావాలి. కూలీల సంగతి, వాళ్ళ గుడి సంగతి వాడికెందుకు? ఇంకో దెబ్బ 1969లో తగిలింది. ఆ దేశ పౌరులు కానివాళ్ళు పని చేయాలంటే పర్మిట్ ఉండాలన్నారు. తోటలో పుట్టి, తోటలో పెరిగినవాళ్ళు కూడా పౌరసత్వం కాగితం తీసుకోలేదు. పుట్టినట్టు కాగితమే లేనివాళ్ళు ఎందరో. వేలాదిమందికి పని పోయింది. ఎన్నో కుటుంబాలు ఉన్నదంతా అమ్ముకుని ఓడ ఎక్కి ఇండియా వచ్చేశాయి.

తరువాత రబ్బరు పోయి పామాయిల్ తోటలు వచ్చాయి. పట్నాల దగ్గర తోటలైతే ఇళ్ళ స్థలాలయ్యాయి. రోడ్లు, దుకాణాలు లేచాయి. లైన్లు కూలగొట్టారు. జనం పట్నం చేరారు. గుడి మాత్రం అక్కడే మిగిలింది. స్థలం ఎవరిదని అడిగితే రికార్డులో వేరేవాడి పేరుంది. మూడు తరాలు దీపం పెట్టిన గుడి ఆక్రమణ కింద లెక్కకు వచ్చింది.

2007 అక్టోబరు చివర, దీపావళి ఇంకా పది రోజులు కూడా లేదనగా, సెలంగోర్ రాష్ట్రంలో పడాంగ్ జావా అనే చోట ఒక మారియమ్మ గుడిని అధికారులు కూల్చారు. ఆ బాధ అందరికీ తగిలింది. నవంబరు 25న కౌలాలంపూర్‌లో వేలాదిమంది భారత సంతతివాళ్ళు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు నీళ్ళు చిమ్మారు, బాష్పవాయువు వదిలారు. 2008 మార్చి ఎన్నికల్లో పాలకులకు నాలుగు రాష్ట్రాలు చేజారాయి. ఈ కోపం కూడా అందుకు ఒక కారణమే.

సుబాంగ్ జయా అనే ఊళ్ళో సీఫీల్డ్ తోట మారియమ్మ గుడిది ఇంకో కథ. నూరేళ్ళు దాటిన గుడి అది. భూమి చేతులు మారి ఇళ్ళు కట్టే సంస్థకు పోయింది. తగువు కోర్టుకు ఎక్కింది. 2018 నవంబరు 26న తెల్లవారకముందే కొందరు మనుషులు గుడిలోకి చొరబడ్డారు. కొట్లాట అయింది. బండ్లు కాలిపోయాయి. ఆ తరువాతి రాత్రి మంటలు ఆర్పడానికి వచ్చిన ఒక ముస్లిం యువకుడు, అగ్నిమాపక ఉద్యోగి, గాయపడి డిసెంబరులో చనిపోయాడు. ఒక వ్యాపారి మరికొందరితో కలిసి చందాలు వేసి ఆ స్థలం గుడికి కొనిద్దామని ముందుకొచ్చాడు. ఆయన హిందువు కాదు, చైనా సంతతివాడు.

ఇది హిందువుల, ముస్లిముల తగువే అని చెప్పేవాళ్ళు అక్కడా ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మతం పేరుతో నిప్పు రాజేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కానీ మొదటి ముడి భూమి దగ్గర పడింది. కాగితం ఉన్న బతు గుహల గుడి లక్షలమందితో కళకళలాడుతోంది. దేశం ఒకటే, చట్టం ఒకటే.

గుడిని కదిలించడం మనకూ తెలిసిన విషయమే. శ్రీశైలం ఆనకట్ట నీళ్ళలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. కొత్త చోటు ముందు చూపించి, తరువాత కదిలించారు.

2025లో కౌలాలంపూర్‌లో కూడా అట్లాంటి ఒప్పందమే కుదిరింది. పట్నం నడుమ 130 ఏళ్ళనాటి భద్రకాళి అమ్మ గుడి ఉంది. ఆ స్థలాన్ని నగర పాలకులు 2014లోనే ఒక బట్టల వ్యాపార సంస్థకు అమ్మేశారు. ఆ సంస్థ అక్కడ మసీదు కట్టాలనుకుంది. ఊరంతా వేడెక్కింది. మార్చి నెలలో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. గుడికి 50 మీటర్ల దూరంలో ఇంకో స్థలం చూపించారు. గుడివాళ్ళు ఒప్పుకున్నారు. కొత్త గుడి కట్టడం పూర్తయ్యేదాకా పాత గుడిని కదిలించకూడదని అనుకున్నారు. ఈసారి ఆ మాటలు నోటితో పోలేదు. పత్రికల్లో అచ్చయ్యాయి.