రేడియేటరు ఎంత వేడి నిచ్చును?

విద్యార్థులారా, వేసవిలో వేడిని తప్పించుకొనుటయే మనకు పని. ఇంగ్లండు మొదలగు చలిదేశములలో వేడిని సంపాదించుకొనుట పని. అచ్చటి అనేక గృహములలో నీటిని బాయిలరులో కాచి, గొట్టముల మూలమున గదిగదికిని పంపుదురు. ఆ నీరు గోడ నంటియున్న ఉక్కు పలకలలో ప్రవహించి గదిని వెచ్చజేయును. దానికే రేడియేటరని పేరు.

అది యిచ్చు వేడిని లెక్కించుట కష్టము కాదు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లారినచో సుమారు 4,200 జౌలుల వేడిని విడుచును. నిమిషమునకు 1.5 లీటర్ల నీరు 75 డిగ్రీలతో ప్రవేశించి 65 డిగ్రీలతో వెలువడిన దనుకొనుడు. 1.5 × 10 × 4,200 = 63,000 జౌలులు. 60 సెకండ్లచే భాగింపగా 1,050 వాట్లు. ఊరక కూర్చున్న మనుష్యుడు సుమారు 100 వాట్ల వేడిని విడుచును. కావున ఈ రేడియేటరు పదిమందికి సమానము.

అయితే ఇంటివారు నీటి ప్రవాహమును కొలువజాలక, తయారుచేసినవారు ప్రకటించిన సంఖ్యనే నమ్ముదురు. ఐరోపాలో ఆ సంఖ్య, నీటి సగటు వేడిమి గదికంటె 50 డిగ్రీలు హెచ్చుగా నున్నప్పటిది. అనగా నీరు 70, గది 20. ఇంధనము మిగుల్చుటకై నీటి సగటును 50 డిగ్రీలకు దించినచో భేదము 30 మాత్రమే. అప్పుడు 1,000 వాట్ల రేడియేటరు 600 వాట్లు ఇచ్చునని తోచును. నిజమునకు వచ్చునది సుమారు 515.

కారణమేమి? పేరు రేడియేటరే యైనను, ఈ పలకలు వేడిలో అధికభాగమును గాలికే యిచ్చును. భేదము తగ్గినకొలది గాలి పైకి లేచు వేగమును తగ్గును. కావుననే వేడి, భేదముకంటె త్వరగా క్షీణించును. దాని ముందర పెద్ద సోఫా నుంచి గాలి నడ్డగించుటయు నష్టమే.

ఇది వట్టి లెక్క కాదు. చలికాలమున ఇల్లు కనీసము 18 డిగ్రీలు ఉండుట క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెలిపినది. వృద్ధులకును శిశువులకును ఇంకను హెచ్చు కావలసియుండవచ్చును. 800 వాట్లు కావలసిన గదిలో, చీటీపై 1,000 అని చూచి తృప్తిపడి నీటి వేడిమిని తగ్గించినచో, ముసలితల్లి చలికి వడకును. తక్కువ వేడి నీటితో పనిచేయు హీట్ పంపును అమర్చుకొనువారు అందుకే పలకలను పెద్దవిగా ఎన్నుకొందురు. నేడు అచ్చట నివసించుచున్న మన తెలుగు కుటుంబములకును ఈ లెక్క అక్కరకు వచ్చును.

ఏ సంఖ్యను చూచినను, అది ఏ స్థితియందలి సంఖ్యయో ముందుగా అడుగుడు.