ఎడమ భుజము వెనుక పిడి

1997వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, ఆదివారము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పసిఫిక్ మహాసముద్రతీరమందలి మాంటరే విమానాశ్రయమునుండి ఆ సాయంకాలము ఒక చిన్న విమానము పైకి లేచెను. అందులో ఉన్నవాడు ఒక్కడే. ఆయన జాన్ డెన్వర్. కొండలను, పల్లెబాటలను, ఇల్లు చేరవలెనను తపనను పాడి లోకమును మెప్పించిన గాయకుడు. 1971లో వెలువడిన 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' అను ఆయన పాటను గిటారు పట్టిన మన కళాశాల విద్యార్థులు సైతము పాడుట కద్దు. ఆనాటికి ఆయన వయస్సు 53 ఏండ్లు.

ఆకాశము ఆయనకు క్రొత్త కాదు. తండ్రి అమెరికా వైమానిక దళమున పైలటు. కుమారునకు విమానవిద్య నేర్పినవాడును ఆయనయే. డెన్వర్ 2,700 గంటలకు పైగా విమానము నడిపిన అనుభవశాలి. క్రొత్తదల్లా ఆ విమానము. దాని పేరు లాంగ్ ఈజీ. బర్ట్ రూటన్ అను ప్రసిద్ధ శిల్పి దానిని రూపొందింపగా, ఉత్సాహవంతులు ఆ పటములను చూచి తామే కట్టుకొను రకమది. ఇంజను వెనుక నుండును, ముక్కు దగ్గర చిన్న రెక్క యుండును. డెన్వర్ కొన్న విమానమును కట్టినవారు వేరొకరు. అది చేతికి వచ్చి ఒకటి రెండు దినములే అయినది. ముందురోజు ఒక అరగంట సేపు దాని పోకడలను తెలిసికొనుటయే ఆయన పొందిన శిక్షణ.

ఇచట విద్యార్థులు ఒక విషయము గ్రహింపవలెను. ఇట్టి విమానములో రెండు రెక్కల మొదళ్లయందును రెండు పెట్రోలు ట్యాంకులు ఉండును. ఇంజను ఒక పర్యాయము ఒకదానినుండియే పెట్రోలు గ్రహించును. అది ఒట్టిపోకమునుపే పిడి త్రిప్పి రెండవదానికి మార్చుట పైలటు విధి. రూటన్ పటములలో ఆ పిడి పైలటు మోకాళ్ల నడుమ, కంటికి ఎదురుగా, చేతికి అందుబాటులో నున్నది. ఈ విమానమును కట్టినవారు మాత్రము పెట్రోలు గొట్టములు మనిషి కూర్చుండు చోటికి రాకుండవలెనని తలచి, దానిని పైలటు ఎడమ భుజమునకు వెనుక అమర్చిరి. తలపు మంచిదే, అగ్నిభయము ఎవరికి లేదు? కాని ఆ పిడిని త్రిప్పవలెనన్న, విమానమును నడుపు దండమును విడిచి, దేహమంతయు ఎడమకు మెలిత్రిప్పి, చేయి వెనుకకు చాపవలెను. అట్లు తిరుగునపుడు ఆసరాకై కుడికాలు ముందుకు తన్నుట మనుష్యస్వభావము. ఆ కుడికాలి క్రింద ఉన్నది చుక్కానిని కదల్చు పెడలు!

ఇంకొక చిక్కు. ట్యాంకులలో పెట్రోలు ఎంత యున్నదో తెలుపు కొలమానములు వెనుక సీటు ప్రక్కన ఉండెను. వానిపై గీతలు లేవు, అంకెలు లేవు. బయలుదేరుటకు ముందు ఒక మెకానిక్కు వానిని పరికించి, కుడి ట్యాంకులో సగమునకు లోపు, ఎడమదానిలో పావునకు లోపు కలదని చెప్పెను. వెనుకకు చూచుకొనుటకై ఒక చిన్న అద్దము నిచ్చెను. పిడి అందుట లేదని గమనించి, పట్టుకారు తగిలించి చూచిరి, కుదరలేదు. గాలిలో పిడి త్రిప్పవలసివచ్చినచో ఆటోపైలటుకు విమానమును అప్పగించి త్రిప్పెదనని డెన్వర్ అనెను. పెట్రోలు పోయింపవలదా యన్నచో, గంటసేపే కదా తిరుగుట, అక్కరలేదనెను.

ఆ 'గంట' యను లెక్క దేనినిబట్టి వచ్చినది? గీతలు లేని కొలమానములో కనబడిన మట్టమును బట్టి. అంతటి అనుభవజ్ఞుడు ఇంత అస్పష్టమైన కొలతపై నమ్మకముంచుట విచిత్రముగ తోచును. కాని క్రొత్త విమానము చేతికందిన సాయంకాలము, ఎదుట సముద్రము. మనస్సు త్వరపడుట అర్థము కాని సంగతి కాదు.

విమానాశ్రయములో మూడు పర్యాయములు నేల తాకి లేచి, పిదప ఆయన తీరమువైపు మరలెను. పసిఫిక్ గ్రోవ్ అను ఊరివద్ద ఒడ్డున నున్న పలువురు ఆ విమానమును చూచిరి. ఎత్తు 500 అడుగులకు మించలేదు. ఇంజను చప్పుడు తగ్గినది, కుడివైపునకు ఒరిగినది, ముక్కు క్రిందుగా సముద్రమున పడినది. అప్పుడు సమయము 5 గంటల 28 నిమిషములు. ఇంజను ఆగినంతమాత్రమున విమానము రాయివలె పడదు. ఎత్తున్నచో జారుచు దిగవచ్చును. పొరపాటు దిద్దుకొనుటకు వ్యవధి యుండును. ఆయనకు లేనిది ఆ ఎత్తే. ఆటోపైలటు మాటయు ఆ క్షణమున అక్కరకు రాలేదు.

మద్యపానము కారణముగ ఆయన వైద్యయోగ్యతాపత్రము అంతకుముందే చెల్లకుండ పోయిన మాట నిజమే. అయితే మరణానంతర పరీక్షలలో మద్యము జాడ కనబడలేదు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1999లో తన నిర్ణయము ప్రకటించినది. పిడి త్రిప్పు యత్నములో పైలటు దృష్టి మరలి, తెలియకయే కుడి పెడలు నొక్కుటచే విమానము అదుపు తప్పెననియు, ముందుగా పెట్రోలు నింపుకొనకపోవుట కూడ కారణమనియు తేల్చినది. అంతటితో ఆగక, గుర్తులు లేని ఆ పిడిని అందరాని చోట అమర్చుటను, గీతలు లేని కొలమానములను, చాలని శిక్షణను సైతము పేర్కొన్నది. తప్పునంతయు చనిపోయినవానిపై మోపి ఊరకుండుట సులువు. మండలి ఆ పని చేయలేదు.

నీటినుండి వెలికితీసిన శకలములలో ఆ కవాటము దొరకినది. అది ఏ ట్యాంకునకును పూర్తిగ తెరచుకొనక, నడుమ నిలిచియుండెను.