టమాటా మొక్క మీద పచ్చపురుగు

టమాటా లేనిదే మన ఇళ్లల్లో పప్పు లేదు, చారు లేదు, పచ్చడీ లేదు. దాని ధర ఒకనాడు కొండెక్కి కూచుంటుంది, మరొకనాడు బజారులో బుట్టలకొద్దీ కుమ్మరిస్తారు. అందుకే జగ్గయ్యపేటలో గాని, నందిగామలో గాని, కాస్త పెరడున్న ఇల్లాలు నాలుగు టమాటా మొక్కలు పెట్టుకుంటుంది. పెరడు లేనివారు మేడమీద కుండీల్లోనో, చిల్లిపడిన బకెట్లలోనో పెంచుతారు. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూత పూస్తుంది, పిందె పడుతుంది. సరిగ్గా అప్పుడే, ఒకనాడు తెల్లవారి చూసేసరికి చివుళ్లు మాయం! కాడలు మాత్రం మోడుల్లా నిలబడి వుంటాయి. లేదా పచ్చికాయకు గుండ్రటి చిల్లి కనబడుతుంది.

అటువంటప్పుడు మన వైపు వినపడే మాటలు ఇలా వుంటాయి:

"వదినా, అన్నయ్యగారు పత్తికి కొట్టగా మిగిలిన మందేమైనా వుంటే చిన్న సీసాలో పోసివ్వరాదూ? మొక్కల్ని పురుగు తినేస్తోంది."

"దానికేం భాగ్యం, తీసుకెళ్లు. బకెట్టు నీళ్లలో మూతెడు కలిపి కొట్టు, చాలు."

ఈ మాటలు ఇంత తేలిగ్గా రావడానికి కారణం లేకపోలేదు. కృష్ణా జిల్లా మెట్టప్రాంతమైన ఈ రెండూళ్లూ 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి గాని, చుట్టూ వున్న పత్తి, మిరప చేలు ఎక్కడికీ పోలేదు. బస్తీలో కాపురం వుంటున్నా, చాలామందికి పల్లెలో ఒక చేనో, చేనున్న బంధువులో వుంటారు. పురుగుమందు డబ్బా మనకు పరాయి వస్తువు కాదు. ఈవేళ నేను మనవి చేయదలచింది ఒక్కటే: చేలో మందు పెరట్లోకి రాకూడదు. రావలసిన అవసరం కూడా లేదు.

ముందు దొంగ ఎవరో తెలుసుకోవాలి. మన టమాటాను తినే గొంగళిపురుగులు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది కొమ్ముపురుగు. ఇది లావుగా, ఆకుపచ్చగా, పక్కలనిండా ఏటవాలు చారలతో, తోక చివర ఒక కొమ్ముతో వుంటుంది. పెరిగితే నాలుగంగుళాల దాకా వస్తుంది. నువ్వుచేలున్న ఊళ్లవారికి ఇది బాగా పరిచయమే. వంగ, చిక్కుడు మీద కూడా కనబడుతుంది. ఆ కొమ్మును చూసి పిల్లలు హడలిపోతారు గాని, అది కుట్టేది కాదు, విషమూ లేదు. దీని సీతాకోక రాత్రిపూట తిరుగుతుంది. వీపుమీద పుర్రెలాంటి మచ్చ వుంటుంది, పట్టుకుంటే కీచుమంటుంది, తేనెపట్టులోకి దూరి తేనె తాగుతుంది. చూడడానికి భయంకరమే తప్ప మనిషికి ఏ హానీ చెయ్యదు.

రెండవది శనగపచ్చ పురుగు. అసలు శత్రువు ఇదే. తల కాయలోపల పెట్టి, వెనకభాగం బయటవుంచి తింటుంది. ఒక కాయతో తృప్తిపడదు, నాలుగు కాయలు కొరికి పాడుచేస్తుంది. పచ్చగానే వుండాలని లేదు, గోధుమరంగులోనూ వుంటుంది. పత్తికాయను, కందికాయను, శనగను తినే పురుగే ఇది. మన చుట్టూ వున్న చేలనుంచి దీని రెక్కలపురుగు ఎగిరివచ్చి, పూత దగ్గర ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టిపోతుంది.

మూడవది పొగాకు లద్దెపురుగు. ఇది గుడ్లను ఆకు అడుగున ఒకేచోట కుప్పగా పెట్టి, గోధుమరంగు నూగుతో కప్పుతుంది. పిల్లపురుగులు గుంపుగా ఆకును గీకి జల్లెడ చేస్తాయి. పెద్దవైతే పగలు మట్టిలోనో ఆకుల కిందనో దాక్కుని, రాత్రి బయటికి వస్తాయి.

ఇక మందు సంగతి. చేలో మందు డబ్బా మీద, కొట్టిన తర్వాత ఇన్ని రోజులదాకా కాయ కొయ్యరాదని రాసి వుంటుంది. చేలో అయితే ఆ గడువు పాటించవచ్చు. పెరట్లో ఎలా పాటిస్తాం? పొద్దున్న మందు కొడతాం, మధ్యాహ్నం పప్పులోకి రెండు కాయలు కావాలి, వెళ్లి కోసుకొస్తాం. పిల్లవాడు పండు కనబడితే అక్కడే కొరుకుతాడు. పైగా చిన్న సీసాలో పోసి తెచ్చుకున్న మందు ఏమిటో, ఎంత కలపాలో, ఏ పంటకు పనికివస్తుందో చెప్పే కాగితం పెద్ద డబ్బామీదే వుండిపోతుంది. పత్తికి విరివిగా వాడిన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలమీద వాడరాదని మన దేశంలో 2005లోనే నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో దేశమంతటా ఆపేశారు. పత్తికి పనికివచ్చిందల్లా పప్పులోకి పనికిరాదన్నమాట.

సీసా ఇంట్లో మిగిలితే అది మరో ప్రమాదం. 2013 జులైలో బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షలో తేలింది. వంటగది అరమీద పురుగుమందు సీసా పెట్టే ముందు ఆ తల్లులను ఒక్కసారి తలుచుకోండి.

పోనీ, ఇంత ప్రమాదానికి తెగించి కొట్టినా పురుగు చస్తుందా అంటే, అదీ నమ్మకం లేదు. 1987లో కృష్ణకు అవతలి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో ఈ శనగపచ్చ పురుగే పైరెత్రాయిడ్ మందులకు లొంగకుండా పోయింది. రైతులు మళ్లీ మళ్లీ కొట్టారు, అప్పులపాలయ్యారు. చేలో అన్ని మందులు చూసి వచ్చిన పురుగుకు మన మూతెడు మందు ఒక లెక్కా? చచ్చేవి ఏమిటంటే, మనకు మేలుచేసే పురుగులు. గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెట్టి, లోపలినుంచే దాన్ని తినేసే చిన్నచిన్న కందిరీగజాతి పురుగులున్నాయి. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లివచ్చిన తల్లులు అక్కడి టమాటాల మీద వేరే జాతి కొమ్ముపురుగును చూసివుంటారు. దాని వీపుమీద ఒక్కోసారి బియ్యపుగింజల్లా తెల్లటి గూళ్లు నిలబడి వుంటాయి. అవి ఈ కందిరీగజాతివే. తెలిసినవారు ఆ పురుగును చంపకుండా వదిలేస్తారు. మందు కొడితే ఇటువంటి స్నేహితులే ముందు పోతాయి.

మరి ఏం చెయ్యాలి? నాలుగు మొక్కలకు మన కళ్లూ చేతులే పెద్ద మందు. రోజూ నీళ్లు పోసేటప్పుడు మొక్క మొదట్లో చూడండి. నల్లటి ఉండలు రాలి వుంటే అది పురుగు లద్దె. సరిగ్గా దాని పైకొమ్మల్లో వెతకండి. కొమ్ముపురుగు ఆకురంగులో కలిసిపోయి కదలకుండా వుంటుంది. రెట్టే దాన్ని పట్టిస్తుంది. పాతగుడ్డో, ప్లాస్టిక్ సంచో చేతికి చుట్టుకుని తీసి, సబ్బునీళ్ల డబ్బాలో వెయ్యండి. కోళ్లుంటే వాటి ముందు వేసినా సరే. లద్దెపురుగు కోసం రాత్రి భోజనాలయ్యాక టార్చిలైటు వేసుకుని ఒక్కసారి చూడాలి. జల్లెడైన ఆకు కనబడితే పురుగులతో సహా తుంచెయ్యండి. చిల్లిపడిన కాయలను మొక్క కిందనే పారెయ్యకండి, లోపలి పురుగు బయటికి వచ్చి మరో కాయ చూసుకుంటుంది.

రెండవది బంతి. బంతిపూలమీద గుడ్లు పెట్టడమంటే శనగపచ్చ పురుగు తల్లికి మహా ఇష్టం. చేలల్లో పదహారు వరసల టమాటాకు ఒక వరస బంతి వేస్తారు. మనకు గట్టు వెంబడి నాలుగు మొక్కలు చాలు. రెండూ ఒకేసారి పూతకు రావాలి గనుక, టమాటా కన్నా రెండు వారాల ముందే బంతినారు పోసుకోండి. పురుగు కనబడిన బంతిపూలు తుంచి పారేస్తే సరి. మిగతావి గుమ్మానికి తోరణాలవుతాయి!

మూడవది వేపగింజ. మన వైపు వేపచెట్లకు కొదవలేదు. జ్యేష్ఠ, ఆషాఢాల్లో రాలిన పళ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టి వుంచుకోండి. అవసరమైనప్పుడు 50 గ్రాముల వేపపప్పు కచ్చాపచ్చాగా దంచి, పల్చటి గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. మర్నాడు మూటను బాగా పిండి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, ఆకు అడుగుభాగం కూడా తడిసేలా చల్లండి. ఎండకు వేప గుణం పోతుంది గనుక సాయంత్రమే చల్లాలి, ఏరోజుది ఆరోజే వాడాలి. వారం పదిరోజులకోసారి చల్లితే చాలు. దీనితో పురుగు టపటపా రాలిపోదు. తిండి సహించక, కుబుసం విడవలేక క్షీణించిపోతుంది. చిన్నపురుగుల మీదే దీని ప్రతాపం. పెద్దవాటిని చేత్తో ఏరవలసిందే. కోసిన కాయలు మామూలుగానే కడుక్కుని వండుకోండి.

కాపు అయిపోయాక ఇంకో పని మిగిలివుంటుంది. ఈ మూడు పురుగులూ మట్టిలోకి దిగి, గోధుమరంగు గింజల్లా నిద్రపోతాయి. పెరడు ఒకసారి తవ్వి ఎండనివ్వండి. కుండీల మట్టి మేడమీద పల్చగా పరిచి నాలుగురోజులు ఎండబెట్టండి. గోరింకలు వచ్చి మిగతా పని చూసుకుంటాయి.

ఇవన్నీ పెరటివరకే గాని పెద్ద సేద్యానికి పనికిరావని కొట్టిపారెయ్యకండి. అప్పటి ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. 2000 తర్వాత కొద్దియేళ్లలోనే ఆ ఊరి పత్తిరైతులు వేప కషాయం, మిర్చీ వెల్లుల్లి కషాయాలు నమ్ముకుని రసాయన మందులకు స్వస్తి చెప్పారు. అందులో మహిళా సంఘాల పట్టుదల చాలా వుంది. పత్తిచేనే ఒప్పుకున్నప్పుడు, మన నాలుగు మొక్కలు ఒప్పుకోవా?

ఏ పురుగో తేలకపోతే దాన్ని ఒక సీసాలో వేసి, జగ్గయ్యపేట మండలం గరికపాడులోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి అడగండి. ఈసారి ఎవరైనా వచ్చి, "వదినా, కాస్త మందుంటే ఇవ్వరాదూ" అంటే, గుప్పెడు వేపగింజలు, నాలుగు బంతినారు మొక్కలు చేతిలో పెట్టి పంపండి. శలవు.