సబ్సిడీ దేనికిస్తారు? ఏ లెక్కన ఇస్తారు?



మా అయ్య ఒకసారి సబ్సిడీ లోను మీద మేకలు కొన్నాడు. అవి మైదానం నుంచి తెచ్చినవి. మా కొండ వానలకు తట్టుకోలేక జబ్బు చేసి సగం చచ్చిపోయాయి. కొన్నందుకు సబ్సిడీ వచ్చింది గాని బతికించడానికి ఏమీ రాలేదు. అప్పు మాత్రం కట్టాం. అందుకే, అమెరికాలో కూడా మేకలకు సబ్సిడీ ఇచ్చారని సోషల్ సారు చెప్పగానే నేను చెవులు రిక్కించి విన్నాను. నాకు అర్థమైంది మీకు చెబుతాను.

టెక్సాస్ రాష్ట్రంలో ఎడ్వర్డ్స్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడి ముఖ్య ఊరు రాక్‌స్ప్రింగ్స్. అంతా రాళ్ల నేల, తుప్పలు. పంటకు అంతగా పనికిరాదు గాని మేకలకు బాగుంటుంది. అక్కడ అంగోరా మేకలను పెంచుతారు. వాటి బొచ్చే మోహేరు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కత్తిరించిన కొత్తలో చలివాన పడితే మందలకు మందలే చచ్చిపోతాయి. ఇది చదివినప్పుడు నాకు మా మేకలే గుర్తొచ్చాయి.

సైనికుల బట్టలకు ఉన్ని కావాలని 1954లో జాతీయ ఉన్ని చట్టం చేశారు. మోహేరును కూడా అందులో చేర్చారు. విదేశీ ఉన్ని మీద వచ్చే సుంకం సొమ్ముకు తగ్గట్టు రైతులకు డబ్బు ఇచ్చేవారు.

ఇప్పుడు లెక్క చూడండి. సర్కారు అనుకున్న ధర 150, బజారు సగటు ధర 100 అనుకుందాం. తేడా 50, అంటే సగటు మీద 50 శాతం. ప్రతి రైతుకూ అతను అమ్మిన సొమ్ము మీద 50 శాతం ఇస్తారు. 120కి అమ్మినవాడికి 60 వస్తుంది. 80కి అమ్మినవాడికి 40 మాత్రమే. తక్కువ ధర దొరికినవాడికి సాయం కూడా తక్కువే! మంచి ఉన్ని తెచ్చి మంచి ధరకు అమ్మాలని అలా పెట్టారట. కాని వెయ్యి మేకలున్న ఆసామికే ఎక్కువ, యాభై మేకలవాడికి కొంచెమే.

ఏడాదికి 30 కోట్ల పౌన్ల ఉన్ని రావాలని చట్టంలో రాసుకున్నారు. 1990 నాటికి 10 కోట్లు కూడా రాలేదు. 1993లో చట్టం రద్దుకు అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశాడు. 1995తో ఆ చెల్లింపులు ముగిశాయి. తర్వాత టెక్సాస్‌లో అంగోరా మేకలు చాలా తగ్గిపోయాయి. సబ్సిడీని నమ్ముకున్న చిన్నవాళ్లకు అదీ దెబ్బే. 2002లో వేరే పద్ధతి పెట్టారు. పౌను మోహేరుకు 4 డాలర్ల 20 సెంట్లు లెక్కగట్టి, బజారు ధర అంతకన్నా పడిపోతే ఆదుకుంటామన్నారు.

మిత్రులారా, ఊళ్లోకి స్కీము వస్తే మనవాళ్లు "సబ్సిడీ ఎంత?" అని ఒక్కటే అడుగుతారు. దేనికిస్తారు, ఏ లెక్కన ఇస్తారు, మేక చస్తే ఎవరిది నష్టం అని కూడా అడగాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అయ్యకు ఈ లెక్క నేల మీద గీసి చూపిస్తాను. మీరూ మీ ఇళ్లలో చెప్పండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి